కూలీల ఓడల వెంట వెళ్ళిన గురువు: దీనబంధు ఆండ్రూస్



మీ ఇంటినుంచో పక్కింటినుంచో ఎవరో ఒకరు కువైటుకో దుబాయికో, లేదా ఇంగ్లండుకో జర్మనీకో వెళ్ళే ఉంటారు. వెళ్ళేముందు గుడిలో పూజ పెట్టించుకొని, ఏజెంటు చేతిలో డబ్బు పోసి, తమకు రాని భాషలో ఉన్న కాగితంమీద సంతకం చేసే ఉంటారు. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవారు దొరకడం అదృష్టమే. అలాంటి కాగితం ఒకదాన్ని చదివి, అందులోని అన్యాయాన్ని తన సొంత దేశపు ప్రభుత్వం ముందే ఎత్తి చూపిన ఒక ఇంగ్లీషు గురువు కథ ఈ వారం మీకు చెప్పాలి.

గంపలగూడెం నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నా, 2022 దాకా మనది కృష్ణా జిల్లాయే కదా. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవునుంచి ఫిజీ దీవుల చెరకుతోటలకు ఓడలమీద తీసుకుపోయిన కూలీలలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలవారు చాలామంది ఉన్నారు. అంతకు చాలా ముందే, 1860 నవంబరు 16న, ట్రూరో అనే ఓడ మద్రాసునుంచి 342 మందిని దక్షిణాఫ్రికాలోని నేటాలులో దింపింది. తరువాత వచ్చిన ఓడలలోనూ తమిళులతోపాటు మన తెలుగువారు వెళ్ళారు. డర్బన్‌లో నాయుడు అన్నది నేటికీ ఇంటిపేరుగా వినబడుతుందంటే ఆ వలసవల్లనే.

చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ గారు 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జన్మించారు. తండ్రి క్యాథలిక్ అపోస్తలిక్ సంఘం అనే చిన్న సంఘంలో బోధకుడు. పేరు చూసి పొరబడకండి, మన శ్రీసభకూ దానికీ సంబంధం లేదు. ఇంట్లో బిడ్డలు చాలామంది. తల్లివైపునుంచి వచ్చిన ఆస్తిని నమ్మిన స్నేహితుడే పోగొట్టాడు. ఆ సంగతి తెలిసినరోజు కుటుంబ ప్రార్థనలో తండ్రి ఆ స్నేహితుని కోసమే ప్రార్థించాడట. పిల్లవాని మనసులో అది జీవితాంతం నిలిచిపోయింది.

కేంబ్రిడ్జిలో చదివి, ఆంగ్లికన్ గురువై, 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడిగా వచ్చారు. ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయినప్పుడు దొరలను కాదని, సుశీల్ కుమార్ రుద్ర అనే భారతీయ క్రైస్తవునికే ఇవ్వాలని పట్టుబట్టారు. 1906లో రుద్ర గారే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రోజులలో అది చిన్న సంగతి కాదు.

ఇక నేటాలు సంగతి వినండి. అక్కడి తెల్లవారికి కూలీలు కావాలి గాని వారి కాపురాలు అక్కడ స్థిరపడకూడదు. అందుకని ఒప్పందం ముగిశాక కూడా ఉండిపోయేవారిమీద తలకు ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. ఒప్పందపు కూలీకి చివరి ఏట నెలకు వచ్చేది పద్నాలుగు షిల్లింగులు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. లెక్క మీరే వేసుకోండి: నాలుగు నెలలకు పైగా కూలి పన్నుకే పోతుంది. ఆడవారికీ, ఎదిగిన పిల్లలకూ ఇదే పన్ను. 1912లో గోఖలే గారు వెళ్ళినప్పుడు పన్ను తీసేస్తామని మంత్రులు తనకు మాటిచ్చారని ఆయన చెప్పారు. మరుసటి ఏడు అలాంటి మాటే లేదన్నారు. అదే 1913లో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చట్టరీత్యా చెల్లవని అక్కడి న్యాయస్థానం తీర్పిచ్చింది. మన మతం పేరుమీద వచ్చిన తీర్పు అది, మరచిపోకండి. గాంధీగారి నాయకత్వంలో వేలాది కూలీలు పని మానేశారు.

1914 జనవరిలో ఆండ్రూస్ గారు, మిత్రుడు పియర్సన్‌తో కలిసి డర్బన్ రేవులో దిగారు. దిగుతూనే వంగి గాంధీగారి పాదాలు తాకారు. ఒక తెల్లదొర ఒక నల్లవాని కాళ్ళు తాకడమా అని అక్కడి తెల్లవారు మండిపడ్డారు. ఆయన మాత్రం జనరల్ స్మట్స్‌తో ఓపికగా మాట్లాడారు. ఇద్దరూ ఆయనను నమ్మారు. ఒప్పందం కుదిరింది. ఆ ఏడే పన్ను రద్దయింది, మన పెళ్ళిళ్ళకు గుర్తింపు వచ్చింది. ఆయన అక్కడ ఉండగానే ఇంగ్లండులో తల్లి కన్నుమూసింది. కడసారి చూపు దక్కలేదు.

1915లో ఫిజీ వెళ్ళారు. అక్కడ చూసినది ఆయనను నిద్రపోనివ్వలేదు. అయిదేళ్ళ ఒప్పందం. పనికి రాకపోతే జైలు. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉన్న గదిలో ముగ్గురు మగవారు, లేకపోతే ఒక కుటుంబం. నూరుగురు మగవారికి నలభైమంది ఆడవారు చొప్పున ఓడ ఎక్కించే నియమం. దానివల్ల కాపురాలు కూలాయి, కత్తిపోట్లు జరిగాయి, ఉరిపోసుకున్నవారూ ఉన్నారు. ఒప్పందం అంటే ఏమిటో అక్కడికి చేరాకగాని చాలామందికి తెలియలేదు. ఇదంతా 1916లో ఆయన నివేదికగా వెలువరించారు.

ఆ ఏడు మార్చిలో వైస్రాయి హార్డింజి ప్రభువు శాసనసభలో ఈ పద్ధతిని ఎత్తివేస్తామని మాటిచ్చారు. దేశమంతా సంతోషించింది. ఆండ్రూస్ గారూ నమ్మారు. తమవాళ్ళ మాటను తేలికగా నమ్మడం ఆయన బలహీనత అని నాకు అనిపిస్తుంది. ఇంకా అయిదేళ్ళపాటు కూలీలను పంపుతూనే ఉండాలని లండనులోని అధికారులు లోపల అనుకున్నారని 1917 మొదట్లో ఆయనకు తెలిసింది. జనానికి చెప్పినది ఒకటి, కాగితంమీద ఉన్నది మరొకటి. తన దేశం పరువు పోతుందని ఆయన దాచలేదు. ఊరూరా తిరిగి బయటపెట్టారు. మన హైదరాబాదు ఇంటి కోడలు సరోజినీ నాయుడు గారు అలహాబాదు సభలో మాట్లాడారు. స్త్రీల ప్రతినిధి వర్గం కొత్త వైస్రాయి చెమ్స్‌ఫర్డును కలిసింది. ఆ మార్చిలోనే కూలీల ఎగుమతి నిలిచిపోయింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

నేడు ఐరోపా దేశాలలో బయటినుంచి వచ్చేవారి విషయమై పెద్ద తగాదాలే నడుస్తున్నాయి. ఎందరిని రానివ్వాలి, ఎవరిని పంపేయాలి అని ప్రభుత్వాలు ఒక మాట చెప్పి మరొకటి చేస్తున్నాయని అక్కడివారూ అంటున్నారు, వెళ్ళినవారూ అంటున్నారు. మన శ్రీసభ వలస వెళ్ళినవారి కోసం ఏటా జరుపుకునే దినం 1914 నుంచి వస్తున్నదే. అంటే ఆండ్రూస్ గారు డర్బన్‌లో దిగిన సంవత్సరం.

తరువాత ఆయన ఊరకున్నారా అంటే, లేదు. తూర్పు ఆఫ్రికాలో భారతీయుల పక్షం వహించినందుకు రైలుపెట్టెలో తెల్లవారు గడ్డం పట్టి లాగి కొట్టారు. 1918లో మద్రాసు మిల్లు కార్మికుల తగాదాలో మధ్యవర్తిగా నిలిచారు. ఎవరైనా అడిగితే ఒంటిమీది బట్ట ఇచ్చేసేవారు. పెళ్ళి లేదు, ఇల్లు లేదు. జనం దీనబంధు అని పిలుచుకున్నారు. 1936లో మళ్ళీ ఫిజీ వెళ్ళి, ఒకనాటి కూలీల పిల్లలు సొంతంగా చెరకు సాగు చేసుకుంటూ, బడులకు వెళ్తూ ఉండడం కళ్ళారా చూశారు.

1940 ఏప్రిల్ 5న కలకత్తా ఆసుపత్రిలో కన్నుమూశారు. లోయర్ సర్క్యులర్ రోడ్డు సమాధుల తోటలో ఆయనను పాతిపెట్టారు. ఆ మరుసటి ఏడు, 1941లో, ఫిజీలోని తెలుగువారు తమ భాష నిలుపుకోవడానికి దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్నారు.