రాజా దీనదయాళుగారి జీవితము

వర్షర్తువు గడచి శరత్కాలము ప్రవేశింపగానే మన నిజామాబాదు పట్టణమునుండియు, బోధను చెఱకు పల్లెలనుండియు ననేకులు తెల్లవారుజామున బయలుదేఱి, గోదావరి దాటి, నిర్మలు మీదుగా ఉత్తరమునకు బోయి, కుంటాల, పొచ్చెర జలపాతములను జూచి, ప్రొద్దుగ్రుంకిన పిదప నిండ్లు చేరుచుందురు. కుంటాలయొద్ద కడెము నది సుమారు 45 మీటర్ల యెత్తునుండి మెట్లు మెట్లుగా దుముకును. పొచ్చెర సుమారు 20 మీటర్లదే యైనను లోతైనది, బలమైనది. చద్దిమూట గట్టుకొని యొక్క దినములో పోయి రాదగిన యింతటి దృశ్యము మనకు సమీపమున నుండుట మన భాగ్యము.

ఈ కాలమున జేతికొక కెమెరా గలదు. సెల్‌ఫోనులోనే యది యిమిడియున్నది. జలపాతమునొద్ద ఒక గడియ నిలిచిన బాలుడు నూఱు ఛాయాచిత్రములు తీసికొని వచ్చును. వానిలో రెండవమాఱు చూడదగినవి యెన్ని యని యడిగిన నతడు తల వంచుకొనును. ఇంతేకాదు. ఒకమాఱు నేను బాలురతో గూడ కుంటాలకు బోయినప్పుడు, ఒక విద్యార్థి నీటి తుంపురులు దగ్గఱగా గనబడవలెనని పాచిపట్టిన బండమీదికి దిగి, చేతిలోని ఫోనునే చూచుచు వెనుకకు అడుగు వేసెను. ప్రక్కనున్న స్నేహితుడు చొక్కా పట్టి లాగకున్నచో నేమి జరిగియుండెడిదో తలచుకొనిన నాకిప్పటికిని గుండె ఝల్లుమనును. ఆ సాయంకాలము బస్సులో నెవ్వరును మాటాడలేదు. ఆనాడు వారికి జెప్పదలచి చెప్పలేకపోయిన యొక మహనీయుని కథ నిచ్చట వ్రాయుచున్నాను. ఛాయాచిత్రము తీయుట యన నేమో మన దేశమునకు నేర్పిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయనయే రాజా లాలా దీనదయాళు.

దీనదయాళుగారు 1844వ సంవత్సరమున మీరటునకు సమీపమందలి సర్ధానా యను నూరిలో జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీలోని థామ్సను ఇంజనీరింగు కళాశాలలో కట్టడపు పనులకు సంబంధించిన విద్య నభ్యసించి, 1866లో దానిని ముగించి, మధ్య భారతమందలి ఇందూరు నగరమున ప్రభుత్వ మరామతు శాఖలో అంచనాలు వేయు పనికిని పటములు గీయు పనికిని కుదిరిరి. చదువరులు పొరపడగూడదు. మన నిజామాబాదునకు పూర్వము ఇందూరను పేరుండెను గాని, యా యిందూరు హోల్కరు మహారాజుల రాజధాని. పేరొక్కటే యైనను ఊళ్లు వేఱు.

కొలతలు వేయుట, గీతలు గీయుట యాయన వృత్తి. ఒక గోడ యెంత పొడవు, ఒక తోరణ మెంత యెత్తు, వెలుతురు ఏ దిక్కునుండి వచ్చును అని దినదినము చూచు కన్నులకు చూపు నిలుపుట యలవాటయ్యెను. ముప్పదేండ్ల ప్రాయమున, అనగా 1874 ప్రాంతమున, ఆయనకు ఛాయాచిత్ర కళపై మనసు పోయెను. మొదట నది తీఱిక వేళల పనిగానే యుండెను. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరుగారును, మధ్య భారతమందలి ఆంగ్ల ప్రతినిధి సర్ హెన్రీ డేలీగారును ఆయన నైపుణ్యమును గుర్తించి ప్రోత్సహించిరి.

విద్యార్థులారా, ఆ కాలమున ఛాయాచిత్రము తీయుట యెట్టి శ్రమయో యెఱిగినగాని యీ జీవితపు విలువ మీకు దెలియదు. అప్పటి పద్ధతికి తడిపలక పద్ధతి యని పేరు. నిర్మలమైన గాజుపలకపై కొలోడియన్ అను జిగట ద్రవమును సమముగా పోసి, చీకటిలో వెండి లవణపు ద్రావణమున ముంచి, అది తడియాఱక మునుపే కెమెరాలో నమర్చి, వెలుతురు సోకించి, మరల చీకటిలోనికి గొనిపోయి బొమ్మను పైకి దెప్పింపవలెను. ఈ పనియంతయు సుమారు పది నిమిషములలో ముగియవలెను. కాబట్టి కొండకు బోయినను, కోటకు బోయినను, నదీతీరమునకు బోయినను చీకటి గుడారము, గాజుపలకల పెట్టెలు, మందుల సీసాలు, నీళ్లు, ముక్కాలిపీట వెంట రావలెను. వానిని మోయుటకు బండ్లును, కూలీలును కావలసియుండిరి. ఒక పలక పగిలినచో ఒక చిత్రము పోయినట్లే.

మఱియొక చిక్కు గలదు. ఆ పలకలు మందమైనవి. వెలుతురును గ్రహించుటకు కొన్ని క్షణముల కాలము పట్టును. 45 మీటర్ల యెత్తునుండి తిన్నగా పడు నీటిబొట్టు నేల చేరుటకు సుమారు మూడు సెకండ్లు చాలునని భౌతికశాస్త్రము చదివిన మీరే లెక్కవేయగలరు. కెమెరా మూడు సెకండ్లు తెఱచియున్నచో పైనున్న బొట్టు క్రిందికి జేఱువఱకు దాని జాడ యంతయు పలకపై బడును. అందుచేతనే ఆ కాలపు చిత్రములలో జలపాతములు నీళ్లవలె గాక ఆరవేసిన తెల్లని పట్టుచీరవలె గనబడును. రాయి కదలదు గనుక స్పష్టముగా నిలుచును. నీరు కదలును గనుక పొగవలె మాఱును. హిమాలయములందును నీలగిరులందును చిత్రములు తీసిన శామ్యూల్ బోర్ను మొదలగు ఆంగ్ల ఛాయాచిత్రకారులకును ఈ చిక్కు తప్పలేదు. 1870ల చివరి భాగమున ముందే సిద్ధపఱచిన పొడిపలకలు అంగళ్లకు వచ్చిన పిదపనే చీకటి గుడారము మోయు శ్రమ తగ్గి, కదలెడు వస్తువులను బట్టుట సాధ్యమయ్యెను. దీనదయాళుగారు తడిపలకతో నేర్చి, పొడిపలక రాగానే దానిని చేపట్టిరి. నేర్చిన దానిని విడిచి క్రొత్తదానిని నేర్చుటకు వెనుదీయకుండుట ఆయన గుణములలో నొకటి.

1880ల మొదట సర్ లెపెల్ గ్రిఫిన్‌గారితో గూడ ఆయన బుందేల్‌ఖండమున సంచరించి, గ్వాలియరు కోటను, ఖజురాహో దేవాలయములను, ఓర్ఛా, దతియా రాజభవనములను, సాంచీ స్తూపమును చిత్రించిరి. ఆ చిత్రములలో 80కి పైగా 1886లో గ్రిఫిన్‌గారి గ్రంథమున వెలువడెను. అడవి పెరిగి, రాళ్లు జాఱి, పాడువడుచున్న కట్టడముల యప్పటి రూపము నేడు మనకు దెలియుట యట్టి చిత్రములవలననే.

ఇక్కడ ఆయన జీవితమున గొప్ప మలుపు వచ్చెను. చేతిలో ప్రభుత్వోద్యోగము గలదు, నెలనెల జీతము గలదు, కుటుంబము గలదు. రెండవ ప్రక్క ఛాయాచిత్ర కళ గలదు. దానిలో ఖర్చు నిశ్చయము, రాబడి యనిశ్చయము. ఆయన మొదట సెలవు తీసికొని, పిమ్మట నుద్యోగమునే విడిచి, కళనే జీవనాధారముగా జేసికొనిరి. తల్లిదండ్రులు ఈ భాగమును చదివి తొందరపడ నవసరము లేదు. ఆయన యుద్యోగము వదలుటకు ముందు పదేండ్లు ఆ కళను సాధించిరి. సాధన ముందు, సాహసము తరువాత.

రాజప్రతినిధి డఫరిన్ ప్రభువునకు ఛాయాచిత్రకారుడుగా నియమింపబడిన దీనదయాళుగారు 1880ల నడుమ హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారి ఆస్థానమున జేరి, 1886లో సికింద్రాబాదున చిత్రశాలను స్థాపించిరి. మన రాష్ట్రమునకు ఆయన చేసిన మేలు ఇక్కడినుండి ప్రారంభమైనది. గోలకొండ కోట, దౌలతాబాదు దుర్గము, ఎల్లోరా గుహాలయములు, నగరపు వీథులు, నవాబుల సౌధములు, దర్బారులు, వేటలు, సైన్యపు కవాతులు ఆయన గాజుపలకలమీది కెక్కెను. నిజాముగారు ఆయనకు ముసవ్విర్ జంగు, రాజా బహద్దూరు అను బిరుదుల నొసంగిరి. విక్టోరియా మహారాణి ఛాయాచిత్రకారుడను గౌరవమును ఆయనకు లభించెను. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఆయన చిత్రములు ప్రదర్శింపబడెను. 1896లో బొంబాయిలో మఱియొక చిత్రశాల వెలసెను.

బాలికలు తప్పక తెలిసికొనదగిన సంగతి యొకటి గలదు. ఆ దినములలో ఘోషా స్త్రీలు పరపురుషుల యెదుటికి రాకుండిరి. కావున వారి రూపములు ఏ చిత్రమునందును నిలువకుండెను. దీనదయాళుగారు 1892లో హైదరాబాదున స్త్రీలకొఱకే ప్రత్యేకముగా నొక చిత్రశాలను గట్టించి, చుట్టును ఎత్తైన గోడలు పెట్టించి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల స్త్రీకి అప్పగించిరి. ఆచారమును అవమానింపక, స్త్రీలను విస్మరింపక, ఇట్లు ఆయన మార్గము కనుగొనిరి.

రాజుల చిత్రములు తీసినవారు ఆ కాలమున పలువురు గలరు. అయితే 1899–1900 సంవత్సరములలో దక్కనున ఘోరమైన కరవు వచ్చినప్పుడు, ఔరంగాబాదు ప్రాంతమున నెముకలగూడులై మిగిలిన జనులను ఆయన కెమెరా చూచెను. దర్బారు వజ్రములను చూపిన గాజుపలకయే డొక్క లెండిన బిడ్డలను జూపెను. ఆ చిత్రములను చూచుట కష్టము. చూచి మఱచుట యంతకంటె కష్టము. అందమైన దానిని మాత్రమే చూచెడి కన్ను సగము కన్నే యని నాకు తోచును. మంజీరపై 1931లో నిజాంసాగరము పూర్తియై, ఆ కాలువలవలన బోధను చేలలో చెఱకు పండి, శక్కర్‌నగరు కర్మాగారము వెలసిన కథ మన యింటింట దెలిసినదే. 2015లో ఆ కర్మాగారము మూతపడినప్పుడు కలిగిన కష్టమును కూడ మన మెఱుగుదుము. నీరు రానినాడు బ్రదుకు లేమగునో ఆ కరవు చిత్రములు చెప్పును. కుంటాలలో నీటిని జూచి కేకలు వేయుచు సంతోషించు మనము, నీరు కేవలము చూచుటకు మాత్రమే కాదని యప్పుడప్పుడు తలంపవలెను.

చివరి దినములు ఆయనకు సుఖముగా గడువలేదు. 1903 ఢిల్లీ దర్బారు చిత్రములను తీసిన కొలదికాలమునకే, 1904లో కుమారుడు ధరమ్‌చందు మరణించెను. మరుసటి యేడు, 1905 జూలై 5వ తేదీని, బొంబాయిలో దీనదయాళుగారు కన్నుమూసిరి. మఱియొక కుమారుడు జ్ఞానచందు చిత్రశాలను కొంతకాలము నడపెను గాని వెనుకటి వైభవము నిలువలేదు. బిరుదులు పోయెను, సంస్థానమే పోయెను. గాజుపలకలు మాత్రము మిగిలెను. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వానిలో 2,857 పలకలను సంపాదించి భద్రపఱచెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకముగా తపాలా బిళ్లను వెలువరించెను.

ఈ జీవితమునుండి మనము గ్రహింపదగిన పాఠము పెద్దది కాదు, కాని యుపయోగకరమైనది. ఒక్క పలకకొఱకు పెట్టెలు మోయించి, గుడారము వేయించి, వెలుతురుకై వేచియుండిన ఆ మనుష్యుడు చిత్రము తీయుటకు ముందు చాలసేపు చూచెను. మనము తీసిన పిదప చూతము. కొన్నిమాఱులు పిదపను జూడము. రాబోవు శరత్తున మీరు కుంటాలకు గాని పొచ్చెరకు గాని పోవునప్పుడు, తడిసిన బండలకు దూరముగా, పెద్దలు చూపిన చోట నిలువుడు. ఫోనును కొంతసేపు జేబులోనే యుంచుడు. నీరెక్కడ విఱుగుచున్నదో, ఏ రాతిపై వెండివలె మెఱయుచున్నదో, ఎండ యేవైపునుండి పడుచున్నదో చూడుడు. ప్రక్కవాని యడుగు జాఱుచున్నదేమో యదియును చూడుడు. పిమ్మట నొక్క చిత్రము తీయుడు. ఆ యొక్కటి మీ యింటిలో చాల యేండ్లు నిలుచును. దానిని జూపుటకు మీరును క్షేమముగా నింటికి వత్తురు.