జోసెఫ్ పాక్స్టన్

సర్ జోసెఫ్ పాక్స్టన్ (ఆగష్టు 3, 1803 - జూన్ 8, 1865) ఇంగ్లాండుకు చెందిన ఉద్యానవన నిపుణుడు, భవన రూపశిల్పి, పార్లమెంటు సభ్యుడు. భవనపు భాగాలను కర్మాగారాలలో ముందుగా తయారుచేసి, స్థలానికి తెచ్చి బిగించే ప్రీఫాబ్రికేటెడ్ పద్ధతి మహా కట్టడాలకు కూడా పనికివస్తుందని లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ద్వారా నిరూపించాడు. విశేషమేమంటే ఇతడు వృత్తిరీత్యా తోటమాలి.

తొలి జీవితం

బెడ్‌ఫర్డ్‌షైర్ లోని మిల్టన్ బ్రయన్ గ్రామంలో ఒక రైతుకు ఏడవ కుమారుడిగా జన్మించాడు. లండను ఉద్యాన సంఘం వారి చిస్విక్ తోటలో చేరేటప్పుడు తన వయసును రెండేళ్ళు ఎక్కువ చేసి చెప్పుకున్నాడు. ఇతని పనితనాన్ని మెచ్చిన డెవన్‌షైర్ 6వ డ్యూకు 1826లో ఇతనిని చాట్స్‌వర్త్ లోని తన ఎస్టేటుకు ప్రధాన తోటమాలిగా నియమించాడు. అప్పటికి పాక్స్టన్ వయసు 22 సంవత్సరాలు.

అద్దాల గృహాలు

ఉష్ణమండలపు మొక్కలను ఇంగ్లాండు చలిలో బ్రతికించటానికి వెచ్చని అద్దాల గృహాలు అవసరమయ్యాయి. 1836లో మొదలైన చాట్స్‌వర్త్ మహా అద్దాల గృహం కోసం, అద్దాలను పట్టి ఉంచే కొయ్య బద్దెలకు గాడి తీసే ఆవిరి యంత్రాన్ని పాక్స్టన్ రూపొందించాడు. ఒకే కొలతతో వేల బద్దెలు వచ్చాయి. అసలు విషయం ఇక్కడే ఉంది. విక్టోరియా కలువ ఆకు ఈనెలను చూసి క్రిస్టల్ ప్యాలెస్ కట్టాడన్న కథ అందమైనదే గాని, ఆ కలువ పూసిన 1849 నాటికే ఇతనికి ఈ పనిలో పదేళ్ళకు పైగా అనుభవం ఉంది. 1845లో గాజు సుంకం రద్దు కావటం కూడా కలిసివచ్చింది.

క్రిస్టల్ ప్యాలెస్

1851లో హైడ్ పార్కులో జరగవలసిన మహా ప్రదర్శన భవనానికి 245 నమూనాలు రాగా, సంఘం వేటినీ అంగీకరించలేదు. 1850 జూన్ 11న డెర్బీలో ఒక రైల్వే సమావేశంలో పాక్స్టన్ అద్దుడు కాగితంపై తన ఊహను గీశాడు.

ఛాన్స్ సోదరుల గాజు పలక పొడవు 49 అంగుళాలు. రెండు పలకలు వాలుగా ఆనితే 8 అడుగుల కప్పు మడత, మూడు మడతలకు 24 అడుగులు. స్తంభాల మధ్య దూరం అదే. ఒక పలక కొలత నుండి 1848 అడుగుల భవనం మొత్తం పుట్టిందన్నమాట. బోలు ఇనుప స్తంభాలే వాననీటి గొట్టాలు. ఇనుప దూలాలను స్థలంలోనే పరీక్షించి పైకి ఎత్తేవారు. దాదాపు 3 లక్షల పలకలను బిగించటానికి కాలువల వెంట దొర్లే బండ్లను వాడారు. విప్పిన భాగాలు తమకే దక్కుతాయి గనుక ఫాక్స్, హెండర్సన్ గుత్తేదారులు 79,800 పౌండ్లకే ఒప్పుకున్నారు. తొమ్మిది నెలల్లో పని పూర్తయి, 1851 మే 1న ప్రదర్శన ప్రారంభమైంది. గోల్కొండ గనులలో దొరికిందని చెప్పే కోహినూరు వజ్రాన్ని అక్కడ 60 లక్షలకు పైగా సందర్శకుల ముందు ఉంచారు. అదే సంవత్సరం పాక్స్టన్ కు సర్ బిరుదు లభించింది.

లోపాలు లేకపోలేదు. కప్పు కారేది. కర్మాగారంలో ఎంత కచ్చితంగా చేసినా భాగాలు కలిసే అతుకుల దగ్గర ఇబ్బంది రావటం ఈ పద్ధతిని నేటికీ వెన్నాడుతున్న సమస్య. పైగా ఒకే భాగం వేలసార్లు అవసరమైనపుడే ఖర్చు కలిసివస్తుంది.

తరువాతి కాలం

భవనాన్ని విప్పి, పెంచి, 1854లో సిడెన్‌హామ్ లో తిరిగి నిలబెట్టారు. అదే సంవత్సరం పాక్స్టన్ కోవెంట్రీ నుండి పార్లమెంటుకు ఎన్నికై మరణం వరకు కొనసాగాడు. 1865లో సిడెన్‌హామ్ లోని తన ఇంట మరణించగా చాట్స్‌వర్త్ సమీపంలోని ఎడెన్సర్ లో ఖననం చేశారు. చాట్స్‌వర్త్ మహా అద్దాల గృహాన్ని 1920లో కూల్చివేశారు. క్రిస్టల్ ప్యాలెస్ 1936 నవంబరు 30 రాత్రి అగ్నిప్రమాదంలో కాలిపోయింది.