వృక్షముల ఛాయాచిత్రకారుడు ఎర్నెస్టు విల్సను

ఇంగ్లండు దేశమున చిప్పింగ్ క్యామ్డెన్ అను చిన్న పట్టణమున 1876వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఎర్నెస్టు హెన్రీ విల్సను జన్మించెను. చిన్నతనముననే బడి విడిచి తోటపనిలో ప్రవేశించి, పగలు మొక్కలకు చాకిరి చేయుచు, సాయంకాలములందు వృక్షశాస్త్రము నభ్యసించెను. 1897లో లండను చెంతనున్న క్యూ ఉద్యానవనమున పనికి కుదిరెను. ఉపాధ్యాయుడు కావలెనని యాతని యభిలాష. అయితే వీచి అను మొక్కల వర్తకులు ఆతనిని 1899లో చీనా దేశమునకు పంపిరి.

పంపినది ముఖ్యముగా ఒక్క వృక్షము కొరకే. దాని పుష్పమున కిరువైపుల రెండు తెల్లని పత్రములు రుమాళ్లవలె వ్రేలాడును. ఫ్రెంచి మిషనరీయగు ఆర్మాండ్ డేవిడ్ 1869లో దానిని కనుగొనుటచే అది డేవిడియా యని పిలువబడుచున్నది. చీనా సుంకపుశాఖలో ఉద్యోగియైన ఆగస్టీన్ హెన్రీ అను ఐరిష్ వైద్యుడు పండ్రెండేండ్లకు పూర్వము అట్టి చెట్టు నొకదానిని చూచియుండెను. విల్సను ఆయనను దూరమున నున్న యున్నాను రాష్ట్రమున కలిసికొనగా, ఆయన అరకాగితముపై పటము గీచి, ఆ చెట్టున్న తావును గుర్తించి యిచ్చెను. ఆ కాగితమును నమ్ముకొని విల్సను ఎన్నియో నెలలు ప్రయాణము చేసి 1900 ఏప్రిల్ 25వ తేదీన ఆ చోటికి చేరెను. అచ్చట క్రొత్త యిల్లొకటి నిలిచియుండెను. ప్రక్కన మొద్దు మిగిలియుండెను. ఆ చెట్టు ఇంటి దూలములైపోయినది! అయినను విల్సను వెనుదిరుగలేదు. మే 19వ తేదీన మరియొకచోట నిండుగా పూచిన డేవిడియాను చూచెను. ఆ శరదృతువున దాని విత్తనములను సేకరించెను.

ఈ సంఘటనయే ఆతనిని ఛాయాచిత్రకారునిగా చేసినదనుట సాహసమగును. కెమేరాను పట్టించినవాడు అమెరికాలోని ఆర్నాల్డ్ వృక్షవనమునకు అధిపతియగు సార్జెంటు దొర. 1907 మొదలు విల్సను ఆ సంస్థ పక్షమున చీనాలో సంచరించునపుడు పెద్ద కెమేరాయు, గాజుపలకలును కూలీలచే మోయించెను. ఒక పలకకు ఒకే చిత్రము. గాలికి ఆకులు కదలినయెడల అదియును చెడును. వృక్షము ప్రక్కన మనుష్యుని నిలిపి చిత్రము తీయుట ఆతని వాడుక. చూచువారికి మాను పరిమాణము తెలియును గదా. పేరు, ఎత్తు, మాను చుట్టుకొలత, స్థలము, తేదీ వ్రాసి యుంచెను. ఈ వ్రాతలు లేనిచో ఆ చిత్రములు వట్టి యందమైన బొమ్మలుగానే మిగిలెడివి.

1910లో మిన్ నదీలోయయందు కొండచరియ విరిగిపడి ఆతని కాలు రెండుచోట్ల విరిగెను. కెమేరా నిలుపు మూడుకాళ్ల కొయ్యనే బద్దలుగా కట్టించుకొనెను. ఇరుకు త్రోవలో పడియుండగా ఎదురుగా కంచరగాడిదల వరుస వచ్చెను. ప్రక్కకు తొలగ చోటు లేదు. అవి యొకదాని వెనుక నొకటి ఆతనిని దాటిపోయెను, ఒక్క గిట్టయు తగులలేదు. కాలు కుదిరినను జీవితాంతము కుంటెను.

1914లో జపానునకు పోయి, యకుషిమ ద్వీపమున పురాతనములగు సుగి వృక్షములను చిత్రించెను. అచ్చట పూర్వమెప్పుడో నరకబడిన యొక మహావృక్షపు మొద్దు నేడును విల్సను పేర పిలువబడుచున్నది. లోన బోలుగా నుండుటచే జనులు అందు ప్రవేశించి నిలువవచ్చును. పిదప కొరియా, ఫార్మోజాలను తిరిగి, సార్జెంటు మరణానంతరము 1927లో ఆ వృక్షవనమునకు పాలకుడయ్యెను.

1930 అక్టోబరు 15వ తేదీన కుమార్తెను చూచి మరలివచ్చుచుండగా, కారు త్రోవ తప్పి గట్టు దిగువన పడుటచే ఆతడును భార్యయు మృతినొందిరి.

సుమారు నూరేండ్లు గడిచిన పిమ్మట ఇన్ కైపు అను చీనా వృక్షశాస్త్రజ్ఞుడును, ఇంగ్లండునుండి ఫ్లానగన్, కిర్క్‌హామ్ అనువారును ఆ చిత్రములను చేతబట్టి పశ్చిమ చీనాలో విల్సను నిలిచిన చోట్లను వెదకి, అచ్చటనుండియే మరల చిత్రములు తీసిరి. కొన్నిచోట్ల ఊళ్లు పెరిగి పూర్వరూపము చెరిగిపోయెను. మరికొన్నిచోట్ల అదే చెట్టు, మరింత లావెక్కి, నిలిచియుండెను.