కాటన్ దొర - జిల్లా బాగోగుల లెక్క

గోదావరి జిల్లాలలో సర్ ఆర్థర్ కాటన్ పేరు వినని వారుండరు. ఎన్నో ఊళ్లలో ఆయన విగ్రహం వుంది. ఆనకట్ట కట్టించిన దొరగా ఆయనను అందరం ఎరుగుదుము. అయితే, ఒక జిల్లా బాగుపడిందో లేదో తేల్చటానికి ఏ లెక్క చూడాలి అనే ప్రశ్న కూడా ఆయన జీవితంలో ముఖ్యమైనదే.

1803 మే 15న ఇంగ్లండులో జన్మించిన కాటన్, 18వ యేట ఇంజనీరుగా మద్రాసు చేరారు. 1836లో తంజావూరు సీమలో కొల్లిడం ఆనకట్టలు కట్టి పేరు పొందారు. తర్వాత ఆయన దృష్టి గోదావరిపై పడింది.

ఆనాడు రాజమండ్రి జిల్లా స్థితి దయనీయం. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనం 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయారు. 1832-33లో ఘోరమైన కరువు, 1839లో కోరంగి తుఫాను. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లు వదిలి వలసపోయారు. పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసిపోతూనే వుంది! శిస్తు రాబడి తగ్గిందని కుంపిణీ ప్రభుత్వం మాంట్‌గోమరీ దొరను విచారణకు పంపింది. ఆయన నివేదిక 1844లో వచ్చింది. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టవలెనని కాటన్ ప్రతిపాదించారు.

1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. వేలాది కూలీల చెమట, వీణెం వీరన్న వంటి తెలుగువారి శ్రమ అందులో కలిసి వున్నాయి. 1861లో కాటన్‌కు సర్ బిరుదు లభించింది.

ఖజానాకు ఎంత వచ్చిందనే లెక్క ఒక్కటే చాలదని ఆయన పట్టుబట్టారు. పండిన ధాన్యం, కాలువల్లో పడవ రవాణావల్ల మిగిలిన కేవు, కరువులో నిలిచిన ప్రాణాలు - ఇవన్నీ చూడాలనేవారు. 1876-78 నాటి మహాకరువు మద్రాసు రాష్ట్రాన్ని పీడించినప్పుడు డెల్టాలో పంట పండింది. అదే ఆయన వాదానికి సాక్ష్యం.

కాని ఆ లెక్కలోనూ ఒక లోటుంది. డెల్టా గాదెలు నిండుతున్న రోజుల్లోనే, 1879లో, అదే గోదావరి జిల్లా కొండల్లో రంప తిరుగుబాటు చెలరేగింది. కాలువ నీరు కొండ ఎక్కలేదు. జిల్లా మొత్తానికి సగటు తీస్తే మన్యంవారి ఆకలి డెల్టా ధాన్యం కింద కప్పడిపోతుంది. పైగా 1859లో జిల్లాల సరిహద్దులు మారాయి కనుక పాత జనసంఖ్యను కొత్తదానితో నేరుగా పోల్చటానికీ వీల్లేదు.

1899 జూలైలో, 96వ యేట, కాటన్ కన్నుమూశారు. దాదాపు శతాబ్దం తర్వాత, 1990లో, పాకిస్తానీ ఆర్థికవేత్త మహబూబుల్ హఖ్, అమర్త్యసేన్ సాయంతో, మానవాభివృద్ధి సూచిక అనే కొలతను ఐక్యరాజ్యసమితి నివేదిక ద్వారా లోకానికి అందించారు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం - ఈ మూడింటినీ కలిపి చూడటమే అందులోని కిటుకు. 2007లో మన రాష్ట్ర మానవాభివృద్ధి నివేదిక జిల్లాలవారీగా లెక్కలు ఇచ్చింది. 2022లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి. కనుక పాత అంకెలు కొత్త జిల్లాలకు అతకవు.

అసలు జిల్లా అంకెలో మన పేట కనబడదు. కాలువ గట్టునున్న పేటకూ, మెట్టమీది పేటకూ ఒకే సగటు పడుతుంది. కాబట్టి సంఘాలు తమ వార్షిక లెక్కల్లో చందాలెంత, ఖర్చెంత అనేదానితో ఆగరాదు. మన వీధిలో ఎందరు ఆడపిల్లలు పదో తరగతి దాటారు, ఎందరు పసిపిల్లలు బలహీనంగా వున్నారు, ఏ ఇంట్లో సంపాదించేవారు లేరు అని ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. నీరు ఎక్కడ అందలేదో తెలిస్తేనే గదా కాలువ ఎక్కడికి తవ్వాలో తెలిసేది.