రోగి సన్నిధిలో విద్యాబోధన: హకీం జకరియా రాజీ

ఔషధాల పేర్లు, మోతాదులు కంఠస్థం చేసిన విద్యార్థి రోగి ఎదుట నిలిచినప్పుడు తడబడడం మనం ఎరిగినదే. చదివిన చికిత్సాశాస్త్రాన్ని ఎదుటనున్న మనిషికి అన్వయించడం ఎట్లా? వెయ్యేండ్ల క్రిందటనే ఈ విషయమై శ్రమించిన మహనీయుడు అబూబక్ర్ మహమ్మద్ బిన్ జకరియా రాజీ. పాశ్చాత్యులు ఆయనను రేజెస్ అని వ్యవహరిస్తారు.

రాజీ సుమారు 865లో నేటి టెహరాన్ సమీపాన గల రయ్ పట్టణంలో జన్మించారు. మొదట రయ్‌లోను, పిదప బాగ్దాదులోను ఆసుపత్రులకు అధిపతిగా ఉన్నారు. మశూచి, తట్టు వేర్వేరు వ్యాధులని లక్షణాలతో నిరూపిస్తూ ఆయన రచించిన గ్రంథం ఒక్కటే ఆయన కీర్తికి చాలును. అయినను మేము ఇక్కడ ఆయన బోధనాపద్ధతిని గూర్చియే ప్రస్తావించదలచాము.

10వ శతాబ్దికి చెందిన ఇబ్న్ నదీం ఆ పద్ధతిని నమోదు చేశాడు. రాజీ చుట్టూ శిష్యులు వలయాలుగా కూర్చునేవారు. వచ్చిన రోగి మొదట వెలుపలి వలయంలోని వారికి తన బాధ చెప్పుకొనేవాడు. వారికి అంతుపట్టకపోతే లోపలి వలయంలోని వారు పరిశీలించేవారు. వారికీ తెలియనప్పుడే గురువు నోరు విప్పేవారు. అనగా, నిన్నమొన్న చేరిన శిష్యునికే రోగితో తొలి సంభాషణ! ఇది ఎంతటి సాహసమో ఆలోచించండి.

ఆహారంతో నయమయ్యే చోట మందు వలదనీ, ఒక్క మూలికతో కుదిరే చోట మిశ్రమౌషధం వలదనీ ఆయన సిద్ధాంతం. పాదరసం ప్రభావం తెలుసుకొనడానికి ముందుగా కోతికి ఇచ్చి చూశారు.

ఆయన రోగవృత్తాంతాలలో అబ్దుల్లా బిన్ సవాదా అనే వాని కథ మాకు మిక్కిలి విలువైనదిగా తోస్తుంది. అతనికి ఒక పద్ధతి లేకుండా జ్వరాలు వచ్చేవి. జ్వరానికి ముందు కొద్దిగా వణుకు, మాటిమాటికి మూత్రవిసర్జన. ఇది చాతుర్థిక జ్వరంగా మారవచ్చు, లేదా మూత్రపిండంలో వ్రణం కావచ్చునని రాజీ తలచారు. త్వరలోనే మూత్రంలో చీము కనబడింది, సంశయం తీరింది. మూత్రకారక ఔషధాలతో చీము పోయేవరకు చికిత్స చేశారు. లేచి నిలిచినప్పుడు నడుములో బరువు వ్రేలాడినట్లుండేదని రోగి చెప్పలేదు, తానూ అడుగలేదు. ఈ లోపాన్ని రాజీ స్వయంగా వ్రాసి ఉంచారు. అంతటి హకీం ఆ పని చేశారంటే, అది భావి శిష్యుల కొరకే అని మేము నమ్ముతున్నాము.

మన దేశంలో 2008లో ప్రవేశపెట్టిన ఫార్మ్.డి. చదువులో అయిదేండ్ల అధ్యయనానికి తోడు ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ ఉన్నది. విద్యార్థి వార్డులో తిరగాలి. రోగి ఏయే మందులు వాడుతున్నాడో, ఏవి మానివేశాడో అడిగి తెలుసుకోవాలి. దీనిని హాజరు కొరకే గడిపే మిత్రులు సవాదా కథను మరొకసారి చదవగలరు.

కడపటి రోజులలో రాజీకి చూపు పోయింది. 925 ప్రాంతంలో రయ్‌లోనే మరణించారు. ఆయన వ్రాసుకొన్న విషయాలను శిష్యులు అటుపిమ్మట సమకూర్చగా ఏర్పడినదే అల్-హావీ. 1279లో అది సిసిలీలో లాటిన్‌లోకి అనువదింపబడినది. అరబీ మూలాన్ని 1955 మొదలుకొని 23 సంపుటాలుగా ముద్రించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థయే.