శ్రామికుల వైద్యుడు రామజ్జిని

బెర్నార్డినో రామజ్జిని వైద్యలోకంలో ఎంతో ప్రసిద్ధులు. మన సభ్యుల్లో చాలామంది ఆ పేరు విని ఉండకపోవచ్చు గానీ ఆయన మొదలుపెట్టిన ప్రశ్న మాత్రం మనందరికీ తెలిసినదే. ఆసుపత్రిలో పేరు, వయసు, బాధ ఏమిటి అన్నవి అయిన తరువాత, ఏ విభాగంలో పని, ఎన్నేళ్లుగా అని అడుగుతారు. అల్యూమినియం పొడి, అమ్మోనియం పెర్క్లోరేటు మధ్య ఘన ఇంధనం కలిపిన వానికీ, లెక్కల విభాగంలో లెడ్జర్ల ముందు కూర్చున్న వానికీ ఒకే రకం దగ్గు వచ్చినా కారణం ఒకటే కానక్కరలేదు. ఇది ఈనాడు అందరికీ తెలిసిన మాటలా తోస్తుంది. దీన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టింది ఇటలీలో ఒక పల్లెటూరి వైద్యుడుగా జీవితం ఆరంభించిన ఈ మనిషి.

రామజ్జిని క్రీ.శ. 1633లో ఉత్తర ఇటలీలోని కార్పి అనే చిన్న పట్టణంలో జన్మించారు. పార్మా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1659లో పట్టా పుచ్చుకున్నారు. ఆ తరువాత కొంతకాలం రోము నగరంలో ఒక పెద్ద వైద్యుని వెంట ఉండి పని నేర్చుకున్నారు. చదువు ముగిసిన యువకుడు నగరంలోనే స్థిరపడాలని చూడడం సహజం. రామజ్జినికి మాత్రం దొరికినది రోముకు ఉత్తరాన, వితెర్బో ప్రాంతంలోని కనీనో, మార్తా అనే ఊళ్ల వైద్యుడి ఉద్యోగం. మార్తా బొల్సేనా సరస్సు ఒడ్డున ఉన్న జాలరి పల్లె. కనీనో పొలాల మధ్య ఊరు. అటు సముద్రం వైపు వెళితే చిత్తడి నేలలు. పులికాటు చుట్టుపక్కల బతికినవారికి ఇలాంటి ప్రదేశాన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

ఆ పల్లెల్లో ఆయన ఎన్నాళ్లో ఉండలేకపోయారు. చలిజ్వరం పట్టుకుంది. ఒళ్లు చిక్కి, పని సాగక, సొంత ఊరు కార్పికి తిరిగి వచ్చేశారు. ఆ జ్వరం చెడు గాలి వల్ల వస్తుందని అప్పటి వైద్యులందరూ నమ్మేవారు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే అది. దోమ సంగతి తేలడానికి ఇంకా రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. 1897లో మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ ఆ గుట్టు విప్పారు. రామజ్జినికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. కానీ మనిషి నివసించే నేల, తాగే నీరు, చేసే పని అతని రోగంతో ముడిపడి ఉంటాయన్న ఆలోచన ఆయన తరువాతి రచనలన్నిటిలోనూ కనిపిస్తుంది. పట్నంలో గద్దె మీద కూర్చుని నాడి పట్టే వైద్యునికి అది అంత సులభంగా అబ్బేది కాదని నా అభిప్రాయం.

కార్పిలో కొన్నేళ్లు వైద్యం చేసి, పెళ్లి చేసుకుని, 1671లో దగ్గరలోని మొదెనా నగరానికి మకాం మార్చారు. పొరుగూరి నుంచి వచ్చిన వైద్యుణ్ణి అక్కడివారు ఆదరంతో చూడలేదు. ప్రసవం తరువాత మరణించిన ఒక ప్రభువంశపు స్త్రీ చికిత్స విషయంలో ఆయన మీద విమర్శలు వచ్చాయి. ఫ్లారెన్సు వైద్యుడు మోనీలియాతో కొంతకాలం కరపత్రాల యుద్ధమే నడిచింది. రామజ్జిని వెనక్కి తగ్గే మనిషి కాదు. చివరకు 1682లో మొదెనా ప్రభువు ఆయనను విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్ర ఆచార్యునిగా నియమించారు.

ఇక్కడ చెప్పుకోవలసిన ముఖ్య ఘట్టం ఒకటుంది. మొదెనాలో ఇళ్లు ఎత్తైనవి, జనం ఎక్కువ. ప్రతి ఇంటి మరుగుదొడ్డి గుంటను మూడేళ్లకు ఒకసారి శుభ్రం చేయించడం ఆ ఊరి ఆచారం. రామజ్జిని ఇంట్లో ఆ పని జరుగుతోంది. గుంటలో దిగిన మనిషి ఊపిరి సలపకుండా హడావుడిగా పని చేస్తుండడం చూసి ఆయనకు జాలి వేసింది. అలసట లేకుండా నెమ్మదిగా చేసుకోవచ్చు గదా అని అడిగారు. ఆ మనిషి తల పైకెత్తి తన కళ్లు చూడమన్నాడు. అందులో నాలుగు గంటలకు మించి ఉంటే చూపు పోతుందని, అనుభవించిన వాడికే ఆ బాధ తెలుస్తుందని చెప్పాడు. అతను పైకి వచ్చాక రామజ్జిని దగ్గరగా కళ్లు పరీక్షించారు. ఎర్రగా, మసకగా ఉన్నాయి. ఏం మందు వాడతారని అడిగితే, ఇంటికి వెళ్లి చీకటి గదిలో తలుపులు మూసుకుని మరునాటి దాకా ఉంటామని, గోరువెచ్చని నీళ్లతో కళ్లు కడుక్కుంటామని చెప్పాడు. గొంతు మండడం, ఆయాసం, తలనొప్పి, వికారం ఉంటాయా అని కూడా ఆయన వరుసగా అడిగారు. అవేవీ లేవు, కళ్లు మాత్రమే. ఆ తరువాత ఊళ్లో బిచ్చమెత్తుకుంటున్న గుడ్డివారిలో ఈ పని చేసి చూపు పోగొట్టుకున్నవారు ఉన్నారని ఆయన గమనించారు. ఆ పనివారి జేబుల్లోని రాగి, వెండి నాణేలు నల్లబడడం కూడా ఆయన కంట పడింది. గుంటలోంచి ఏదో తీక్షణమైన వాయువు వస్తోందని ఊహించారు. ఇప్పుడు మనం హైడ్రోజన్ సల్ఫైడు అంటున్నది అదే. కళ్లను మండించేదీ, వెండిని నల్లబరిచేదీ కూడా అదే.

మన దేశంలో మనుషుల చేత మలమూత్రాలు ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి చట్టాలు వచ్చాయి. అయినా మురుగు గుంటల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు ఆ తరువాత కూడా మనం పత్రికల్లో చదివాం. ఆ ఒక్క విషయం చాలు, రామజ్జిని పుస్తకం ఎందుకు పాతబడలేదో తెలియడానికి.

అప్పటి నుంచి ఆయన పనివారి రోగాలను వెతుక్కుంటూ దుకాణాలకూ, కార్ఖానాలకూ తిరిగారు. కమ్మరి కొలిమి, కుమ్మరి చక్రం, అద్దాల పని, అచ్చు కూటం, పిండిమర, ఉప్పు మడులు, ఏదీ తన స్థాయికి తక్కువ అనుకోలేదు. పనివాని ఇంటికి వెళ్లిన వైద్యుడు బంగారు పీట కోసం చూడకుండా దొరికిన ముక్కాలి పీట మీదనే కూర్చుని, తొందర లేకుండా వివరాలు అడగాలని శిష్యులకు బోధించారు. రోగిని ఏమేమి ప్రశ్నించాలో ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రేటస్ ఒక క్రమం చెప్పి ఉన్నారు. ఏ వృత్తి చేస్తున్నావు అన్న ఒక్క ప్రశ్నను దానికి చేర్చాలని రామజ్జిని కోరారు.

మధ్యలో పల్లెలూ ఆయనను వదలలేదు. 1690లో విపరీతమైన వానలు, వరదల తరువాత మొదెనా చుట్టూ గ్రామాల్లో జ్వరాలు ప్రబలాయి. మరుసటి ఏడు పట్నం వంతు వచ్చింది. ఏ నెలలో వాన ఎంత, పంట ఎలా ఉంది, ముందు రైతులు పడ్డారా పట్నవాసులు పడ్డారా అని ఏటికేడు రాసి ఆయన ప్రచురించారు. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్జ్ మొదెనాకు వచ్చినప్పుడు వారికి స్నేహం కుదిరింది. ఇలాంటి వార్షిక వివరాలు రాయడాన్ని ఆయన ఎంతో ప్రోత్సహించారు. బారోమీటరు లెక్కలు, మొదెనా ఊట బావుల రహస్యం, కొండల్లో దొరికే రాతినూనె, వీటన్నిటి మీదా రామజ్జిని పుస్తకాలు ఉన్నాయి. వాటిని ఇక్కడ వివరించబోవడం లేదు.

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన గ్రంథం 1700లో మొదెనాలో అచ్చయింది. లాటిన్ భాషలో ఉన్న దాని పేరును శ్రామికుల వ్యాధుల గురించిన చర్చ అని చెప్పుకోవచ్చు. గ్రంథకర్తకు అప్పటికి 67 ఏళ్లు. మన లెక్కలో పదవీ విరమణ చేసి ఏడేళ్లు దాటిన వయసు!

పుస్తకం గనుల పనివారితో మొదలవుతుంది. బంగారు పూత పూసేవారికి పాదరసపు ఆవిరి వల్ల చేతులు వణకడం, కుండలకు సీసం పూత పూసే కుమ్మరులకు ముందు చేతులు పడిపోయి, తరువాత పళ్లు ఊడి, చివరికి మంచం పట్టడం, రాళ్లు చెక్కేవారి ఊపిరితిత్తుల్లో ఇసుక పేరుకోవడం, పిండి పట్టేవారికీ ధాన్యం జల్లించేవారికీ ఆయాసం, ఇలా అధ్యాయం తరువాత అధ్యాయం సాగుతుంది. మంత్రసానులు, చాకళ్లు, జాలర్లు, సైనికులు, పాటగాళ్లు, చివరికి పుస్తకాల ముందు కూర్చునే పండితులు కూడా అందులో ఉన్నారు. గుమాస్తాల గురించి ఆయన రాసినది చదివితే మన కార్యాలయ సోదరులు నవ్వుకుంటారు. రోజంతా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున కదలడం, అంకె తప్పితే యజమాని ఏమంటాడో అన్న బెంగ, ఈ మూడే వారి రోగాలకు మూలమన్నారు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ జాబితాలో మారిందేమీ లేదు.

ఆయన మన ప్రాంతానికి వచ్చి ఉంటే రాయడానికి ఎంతో దొరికేది. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులున్నాయి. వెంకటగిరిలో గుంట మగ్గం ముందు నడుం వంచిన నేతగాళ్లున్నారు. పులికాటులో నడుంలోతు నీళ్లలో నిలబడి వల లాగేవారున్నారు. నేతవారి గురించీ, తడిబట్టలతోనే రోజు గడిపే జాలర్ల గురించీ ఆయన పుస్తకంలో వేర్వేరు అధ్యాయాలే ఉన్నాయి.

ఆ గ్రంథంలో నన్ను ఎక్కువగా ఆపిన ఘట్టం ఒక దావా. మొదెనా రాజ్యంలోని ఫినాలే అనే ఊళ్లో ఒక వ్యాపారి రసకర్పూరం తయారు చేసే పెద్ద కార్ఖానా నడిపేవాడు. అందులో అన్నభేది వంటి లవణాలను కొలిమిలో కాల్చినప్పుడల్లా వచ్చే పొగ ఊరిని విషపూరితం చేస్తోందని, కార్ఖానాను ఊరి బయటకు మార్చాలని ఒక పౌరుడు కోర్టుకెక్కాడు. సాక్ష్యంగా రెండు తెచ్చాడు. ఒకటి ఊరి వైద్యుని వాంగ్మూలం. రెండవది చర్చిలోని మరణాల రిజిస్టరు. కార్ఖానా దగ్గర వీధుల్లో మిగతా చోట్ల కంటే ఏటా ఎక్కువమంది చనిపోతున్నారని, వారిలో ఎక్కువమందికి క్షయం వంటి ఛాతీ రోగాలని అవి చూపించాయి. అయినా తీర్పు వ్యాపారి పక్షాన వచ్చింది. పొగ నిర్దోషి అని తేలింది. న్యాయవాదులు సరిగా తేల్చారో లేదో ప్రకృతి శాస్త్రం తెలిసినవారే నిర్ణయించాలని రాసి రామజ్జిని ఊరుకున్నారు. కోపం వచ్చినా అది కలంలోనే ఆగిపోయింది. అయితే రిజిస్టరు తీసి ఏ వీధిలో ఎందరు పోయారో లెక్కపెట్టడం అన్న పద్ధతి ఆ పేజీల్లో భద్రంగా ఉండిపోయింది. తరువాతి కాలంలో పరిశ్రమల వల్ల వచ్చే రోగాలను నిరూపించినది ఎక్కువగా ఆ పద్ధతే.

ఆయన చికిత్సలను ఈనాడు ఎవరూ అనుసరించనక్కరలేదు. విరేచనాలు, రక్తం తీయడం వంటి ఆ కాలపు వైద్యమే ఆయనదీ. విలువైనది నివారణ. గాలి వచ్చేట్టు చూడమన్నారు. ముఖానికి పలుచని తిత్తి కట్టుకోమన్నారు. పని ముగియగానే ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోమన్నారు. ఒకే భంగిమలో గంటల తరబడి ఉండవద్దన్నారు. పనివాడు కూలి లేకుండా ఎన్నాళ్లో మంచంలో ఉండలేడు కనుక వైద్యుడు త్వరగా నయం చేసే మార్గం చూడాలని కూడా ఆయనే చెప్పారు.

ఆ గ్రంథం ఇంగ్లీషులోకి 1705లోనే వెళ్లింది. 1776లో ఆర్థికశాస్త్ర పితామహుడు ఆడం స్మిత్ తన ప్రసిద్ధ గ్రంథంలో ఆయన పేరు తలచుకున్నారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన రోగాల జాబితా ఇచ్చినప్పుడు సీసం, పాదరసం, రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ అందులో ఉన్నాయి. అన్నీ రామజ్జిని చూసినవే. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ వచ్చింది.

పెన్షనర్లకు సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. రాతి ధూళి, ఆస్బెస్టాస్ వంటివి ఊపిరితిత్తులను దెబ్బతీసినట్లు బయటపడడానికి ఒక్కోసారి ఇరవై ముప్ఫై ఏళ్లు పడుతుంది. అప్పటికి మనం ఊరు మారి, పిల్లల దగ్గర ఏ హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉంటాం. అక్కడి డాక్టరుకు మనం ఒక ముసలి రోగి మాత్రమే. మన చేతులు ఏమేమి ముట్టుకున్నాయో ఆయనకు తెలిసే మార్గం మన నోరే. ఆయన అడగకపోయినా ఏ ప్లాంటులో, ఏ పదార్థాలతో, ఎన్నేళ్లు పనిచేశామో చెప్పడం మంచిది. ఒక కాగితం మీద రాసి ఇంట్లోవారికి ఇచ్చి ఉంచితే ఇంకా మేలు.

పుస్తకం వచ్చిన 1700లోనే వెనిస్ ప్రభుత్వం ఆయనను పాడువా విశ్వవిద్యాలయానికి పిలిపించుకుంది. యూరపులో అంతకు మించిన వైద్య విద్యాలయాలు అప్పట్లో అరుదు. అక్కడ ఆయన వయసు మీద పడుతున్నా పాఠాలు మానలేదు. గుండెదడ, తలనొప్పులు, అన్నిటికీ మించి చూపు మందగించడం బాధించాయి. కళ్ల గురించి అంత రాసిన మనిషి చివరి రోజుల్లో చదవడానికీ రాయడానికీ మనవల సాయం తీసుకోవలసి వచ్చింది. అయినా 1711 ప్రాంతంలో పశువులకు పెద్ద జాడ్యం వచ్చి ఎడ్లు కుప్పలుగా చచ్చిపోతుంటే దాని మీద ప్రసంగించి ప్రచురించారు. పల్లె ఆయనను అప్పటికీ వదల్లేదన్నమాట. చలిజ్వరానికి వాడే సింకోనా బెరడును విచక్షణ లేకుండా వాడుతున్నారని ఒక చిన్న గ్రంథం రాశారు. 1713లో శ్రామికుల వ్యాధుల గ్రంథాన్ని మళ్లీ అచ్చు వేయిస్తూ అచ్చు కూటం పనివారు, గుమాస్తాలు, వడ్రంగులు, ఇటుకలు చేసేవారు, బావులు తవ్వేవారు మొదలైన మరో పన్నెండు వృత్తులను చేర్చారు. అప్పుడాయన వయసు 80.

మరుసటి ఏడు, 1714 నవంబరు 5న, పాడువాలో హఠాత్తుగా పక్షవాతం వచ్చి కన్నుమూశారు. రెండేళ్లకు ఆయన రచనలన్నీ ఒక సంపుటంగా జెనీవాలో వెలువడ్డాయి. దానికి ముందు ఆయన జీవితాన్ని రాసి చేర్చినది అన్న కొడుకు వరుస అయిన బార్తలోమియో, ఆయన కూడా వైద్యుడే.