ఎడ్గార్ ఎఫ్. కాడ్

ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్ (1923 - 2003) ఇంగ్లాండులో జన్మించిన కంప్యూటరు శాస్త్రవేత్త. డేటాబేసులకు రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినవాడిగా ప్రసిద్ధుడు. నేడు బ్యాంకులు, కార్యాలయాలు, విద్యాసంస్థలు విస్తృతంగా వాడుతున్న పట్టికల రూపపు డేటాబేసులకు ఈ నమూనాయే పునాది.

జీవితము

కాడ్ 1923 ఆగస్టులో ఇంగ్లాండు దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ ద్వీపంలో ఏడుగురు సంతానంలో చివరివాడిగా జన్మించాడు. తల్లి ఉపాధ్యాయిని. ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో గణితము, రసాయన శాస్త్రము చదివాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు వైమానిక దళంలో విమాన చోదకుడిగా పనిచేశాడు. 1948లో అమెరికా వెళ్ళి, అనంతరం ఐ.బి.ఎం. సంస్థలో ప్రోగ్రామరుగా చేరాడు. సెనేటరు జోసెఫ్ మెకార్తీ ధోరణి నచ్చక 1953లో కెనడాకు తరలిపోయి, 1957లో తిరిగి వచ్చాడు. 1965లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

రిలేషనల్ నమూనా

ఆ కాలపు డేటాబేసులలో ఒక రికార్డు నుండి మరొక రికార్డుకు చేరే దారిని ప్రోగ్రామరే రాయవలసి వచ్చేది. డేటాను అమర్చిన తీరు మారితే ప్రోగ్రాములను కూడా తిరగరాయవలసి వచ్చేది. 1970 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో కాడ్ ఈ బంధాన్ని తెంచాడు. సమాచారమంతా పట్టికలలో ఉండాలని, ఏమి కావాలో మాత్రమే మనిషి చెప్పాలని, దానిని చేరే దారిని యంత్రమే చూసుకోవాలని ప్రతిపాదించాడు.

సిద్ధాంతం బాగానే ఉన్నా, నేర్పరి అయిన ప్రోగ్రామరుతో సమానంగా యంత్రం దారిని ఎంచుకోగలదా అన్న సందేహం బలంగా వ్యక్తమయింది. 1974లో ఈ విషయమై కాడ్‌కు, చార్లెస్ బాక్‌మన్‌కు మధ్య బహిరంగ చర్చ జరిగింది.

సందేహ నివృత్తి

ఐ.బి.ఎం. శాన్ హోసే పరిశోధనశాలలో సాగిన సిస్టమ్ ఆర్ ప్రాజెక్టు ఈ సందేహానికి సమాధానమిచ్చింది. పట్రీషియా సెలింగర్, ఆమె సహచరులు 1979లో ప్రచురించిన వ్యాసం, దారిని ఎంచుకునే ప్రణాళికా విధానాన్ని వివరించింది.

ఉదాహరణకు విద్యార్థుల పట్టికలో 10,000 వరుసలు, మార్కుల పట్టికలో 5,00,000 వరుసలు ఉన్నాయనుకుందాం. ఒక గ్రామానికి చెందిన 10 మంది విద్యార్థుల మార్కులు కావాలి. మార్కుల పట్టికకు విద్యార్థి సంఖ్య ఆధారంగా ఇండెక్సు ఉంటే, పుస్తకం చివరి పదసూచికలో వెతికినట్లు ఒక్కొక్కరి వరుసలను నేరుగా చేరవచ్చు; పట్టికనంతా చదవనక్కరలేదు. విద్యార్థులందరి మార్కులూ కావాలంటే మాత్రం 10,000 సార్లు ఇండెక్సులో వెతకడం కంటే, రెండు పట్టికలను ఒకే క్రమంలో పేర్చి కలపడమే చవక కావచ్చు. వరుసల సంఖ్య, ఉన్న ఇండెక్సులు మొదలైన వివరాలతో ఒక్కొక్క దారికి అయ్యే ఖర్చును అంచనా వేసి, ప్రణాళిక తక్కువ ఖర్చయ్యే దానిని ఎంచుకుంటుంది. అంచనా తప్పితే ఎంపికా తప్పవచ్చు. కానీ దారి ఏదైనా జవాబు మారదు. కాడ్ కోరిన స్వాతంత్ర్యం ఇదే.

పురస్కారాలు, చివరి రోజులు

1981లో కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఎస్.క్యూ.ఎల్. భాష తన నమూనాను పూర్తిగా పాటించలేదని ఆయన విమర్శించాడు. నిజమైన రిలేషనల్ డేటాబేసుకు ఉండవలసిన లక్షణాలను 1985లో నియమాలుగా ప్రకటించాడు. ఇవి కాడ్ 12 నియమాలుగా పేరుపొందాయి. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో మరణించాడు.